పైపు పక్క నీళ్లలో ఎర్రచేప

హైదరాబాదు పోయి వచ్చానని తెలిసి మా వీధిలో అందరూ అడిగింది ఒకటే, చార్మినార్ చూశావా అని. చూడలేదు. ఆరు రోజులున్నాను. నేను చూసిందల్లా ఒక మురుగు పైపు, ఒక కుంట, ఆ కుంటను నమ్ముకున్న ఒక మనిషి. దీనికోసమా అంత దూరం పోయావని మా ఆయన ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉన్నాడు. అందుకే కూర్చుని రాస్తున్నాను. పోవడం దండగో కాదో చదివాక మీరే చెప్పండి.

నా పేరు చెంగమ్మ. శ్రీకాళహస్తిలో కలంకారీ బట్టలు వేస్తాను. పెళ్లయి వచ్చిన ఏడాది మా మామగారి దగ్గర వెదురు కలం పట్టాను, ఇంతవరకు దించలేదు. మా పనికి గుడ్డ, కరక్కాయ, ఎరుపునిచ్చే రంగుచెక్క ఎంత ముఖ్యమో నీళ్లూ అంతే ముఖ్యం. అదే గుడ్డ, అదే చెక్క, నీళ్లు మారితే ఎరుపు మారిపోతుంది. స్వర్ణముఖి పారినప్పుడు ఏట్లో ఉతికిన బట్టకూ బోరు కింద ఉతికిన బట్టకూ తేడా నేను పది అడుగుల దూరం నుంచి చెప్పేస్తాను.

ఈ సంగతి ఒకరోజు ఫోన్లో మా చెల్లెలి కూతురు సుజాతతో అన్నాను. అది హైటెక్ సిటీలో ఒక కంపెనీలో పనిచేస్తుంది, గోపన్‌పల్లిలో ఫ్లాటు కొనుక్కుంది. వారం తిరక్కుండా రైలు టికెట్టు తీసి పంపింది. "పెద్దమ్మా, నువ్వు రావాల్సిందే. మా కుంట నీళ్లతో బట్ట వెయ్యాలి" అంది. ఆ కుంట పేరు, అపార్ట్‌మెంటు పేరు రాయనని అక్కడివాళ్లకు మాటిచ్చాను, కాబట్టి రాయను.

లింగంపల్లి

నేనెక్కిన రైలు లింగంపల్లితో ఆఖరు. అది దాటి పోయే భయం లేదు గనక హాయిగా నిద్రపోయాను. దిగి టీ తాగితే పదిహేను రూపాయలు. కప్పు మాత్రం మా ఊరి కప్పులో సగం. ఎండాకాలం పొద్దున ఏడింటికే ప్లాట్‌ఫారం వేడెక్కిపోయింది.

నా సంచిలో కరక్కాయ పెట్టి, పాలలో తడిపి ఎండబెట్టిన గుడ్డలున్నాయి. ఆ వాసన మాకు అలవాటే, ఆటో అబ్బాయికి కాలేదు. రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, "అమ్మా, ఏమనుకోకు, గా సంచిలున్నది ఏంది? దవాఖాన మందులా?" అన్నాడు. బట్టలు నాయనా అన్నాను. నమ్మినట్టు లేదు. దిగేదాకా తల బయటికి పెట్టే నడిపాడు.

సుజాత వాళ్లది ఎనిమిదో అంతస్తు. బాల్కనీలోకి తీసుకుపోయి కిందికి చూపించింది. కుంట నిండా గుర్రపుడెక్క. పచ్చగా, తివాచీ పరిచినట్టుంది.

"ఎంత బాగుందే" అన్నాను.

"అదే ప్రాబ్లం పెద్దమ్మా. ఇక్కడి నుంచి అందరికీ బాగానే కనిపిస్తుంది. ఎవరూ కిందికి దిగరు."

పక్క ఫ్లాటులో సత్యవతి గారని ఒకామె ఉంటారు. భీమవరం దగ్గర కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. మనిషి సన్నం, మాట గట్టి. నెలనెలా కుంట నీళ్లు పట్టుకొచ్చి, చిన్న సీసాల్లో చుక్కల మందు వేసి పరీక్షించి, ఆ లెక్కలు అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెడతారు.

"పన్నెండు మంది బొటనవేలు చూపిస్తారండి. ఆ తర్వాత ఎవరిదో కారు అడ్డంగా పెట్టారని గొడవ మొదలైపోతుంది. నా అంకెలు కారు కింద పడిపోతాయి" అన్నారావిడ.

సంగతి ఏమిటంటే, ఆ అపార్ట్‌మెంటులో మురుగు శుభ్రం చేసే మిషన్ ఉంది. కరెంటు ఖర్చని రోజుకు రెండు గంటలే నడుపుతున్నారు. మిగతా మురుగు అలాగే పైపులో పడి కుంటలోకి పోతోంది. మిషన్ రోజంతా నడపాలా వద్దా అన్నది వచ్చే ఆదివారం మీటింగులో తేల్చాలి. "అంకెలు చూపిస్తే నిద్రపోతున్నారు, ఈసారి రంగు చూపిద్దామండి" అన్నారు సత్యవతి గారు. నాలుగు చోట్ల నీళ్లు, ఒకే గుడ్డ, ఒకే చేప బొమ్మ, ఒకే ఎరుపు. తేడా వస్తే కళ్లకే కనబడుతుంది. ఆవిడ పద్ధతి నాకు వెంటనే నచ్చింది.

కుంట గట్టు

రెండో రోజు పొద్దున్నే దిగాం. కుంట దగ్గరికి పోయేసరికి ఆ వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. సత్యవతి గారు మాత్రం ముక్కు కూడా మూసుకోలేదు. ఒక స్టీలు కంచానికి తాడు కట్టి నీళ్లలోకి దించారు. కంచం ఎంత లోతు వరకు కనబడితే నీళ్లు అంత తేటగా ఉన్నట్టట. వానల్లో పక్కనున్న యూనివర్సిటీ వైపు నుంచి వాగు వచ్చి కలిసే చోట కంచం మోకాటి లోతు దాకా కనబడింది. పైపు దగ్గర వేలు మునిగేంతలో మాయమైపోయింది.

ఆవిడకు సాయంగా ఆ కంచం వెనక్కి లాగిన మనిషే యాదయ్య. ఆ ఊరివాడు, కుంటలో చేపలు పడతాడు. యాభై దాటి ఉంటాయి.

"మా తాత గీడనే వల ఏసిండు, మా నాయిన గీడనే ఏసిండు" అన్నాడు. "పోయినేడు వానలు వడ్డంక పిల్లల నిడిస్తి. మూడో దినం తెల్లారి వచ్చి జూస్తే అన్నీ తేలినయ్ అక్కా. తెల్లగ, కుంటంత."

పిల్లలంటే చేపపిల్లలు. మురుగు, నీళ్లలో కరిగిన గాలినంతా పీల్చేస్తుందని, తెల్లవారుజామున అది బొత్తిగా అయిపోతుందని, చేపలు అప్పుడే చచ్చిపోతాయని సత్యవతి గారు నాకు వివరించారు. యాదయ్య ఊ కొడుతూ విన్నాడు. అతనికి చుక్కల మందు తెలియదు గానీ, చేపలు నోరు పైకి పెట్టి గుటకలు వేసే వేళ తెలుసు.

"మరి ఈ ఏడు?" అన్నాను.

"గా అపార్ట్‌మెంటోళ్లు గేటు కాడ వాచ్‌మన్ కొలువు ఇస్తమన్నరు. సోమారం లోపట చెప్పాలె. ఐతారం మీటింగుల మిషన్ దినమంత నడుపుతమంటే పిల్లల నిడుస్త. లేకుంటే టోపీ వెట్టుకుంట."

అంత తేలిగ్గా అన్నాడు. అతని భార్య బాలమణి మాత్రం మొహం అటు తిప్పుకుంది. నలుగురు అన్నదమ్ముల్లో వల ఇంకా పట్టుకుంటున్నది యాదయ్య ఒక్కడేనట, మిగతావాళ్లు ఎప్పుడో వదిలేశారు.

మధ్యాహ్నం వాళ్లింట్లోనే భోజనం. జొన్నరొట్టె, చేపల పులుసు. మేము పులుసులో మామిడికాయ ముక్క వేస్తాం, బాలమణి మెంతిపిండి వేసింది. బాగుందమ్మా అంటే, "మొహమాటపడకు అక్కా, ఇంకో ముక్క ఏసుకో. గీ చేప లింగంపల్లి మార్కెట్ల కొన్నది, మంచిదే" అంది. చేపలు పట్టేవాడి ఇంట్లో కొన్న చేప.

హైటెక్ సిటీ

మూడో రోజు సుజాత తనతో పనిచేసేవాళ్లకు కలంకారీ చూపించాలని నన్నూ సత్యవతి గారినీ తన ఆఫీసుకు తీసుకుపోయింది. లింగంపల్లిలో లోకల్ రైలెక్కి హైటెక్ సిటీ స్టేషన్లో దిగాం. టికెట్టు ఐదు రూపాయలు. దిగాక ఆఫీసు కింద తిన్న దోసె తొంభై. దోసె ఖరీదుకు అటూ ఇటూ ఎన్నిసార్లు తిరగొచ్చో లెక్కేసుకుంటూ తిన్నాను.

ఆఫీసు క్యాంటీన్లో బల్లలు జరిపి, అక్కడ ఉద్యోగం చేసే పిల్లల్ని ముప్ఫై మంది దాకా కూర్చోబెట్టారు. అందరికీ తలా ఒక వెదురు కలం ఇచ్చి చేప గీయమన్నాను. గంటలకొద్దీ కంప్యూటరు ముందు కదలకుండా కూర్చునే పిల్లలు, ఒక్క గీత గీయడానికి చెయ్యి వణికించేశారు. ఒకడు పొరపాటు గీసి, "ఆంటీ, ఇది ఎలా తుడవాలి?" అన్నాడు. మా నల్లరంగు కరక్కాయ గుడ్డ మీద పడిందంటే పోదు. "తుడవడమంటూ ఉండదు నాయనా, పొలుసులు ఎక్కువున్న చేపను చేసుకో" అన్నాను. వాడి చేప ఒళ్లంతా పొలుసులే.

వాళ్లు గీస్తుండగా సత్యవతి గారు ఒక ప్రశ్న వేశారు. "మీరు పొద్దున స్నానం చేసిన నీళ్లు ఇప్పుడెక్కడున్నాయండీ?" నీళ్లెక్కడి నుంచి వస్తాయో కొందరు చెప్పారు, ట్యాంకరని, బోరని. ఎక్కడికి పోతాయో ఒక్కరికీ తెలియదు. నాకూ కాళహస్తిలో మా వీధి మురుగు ఎక్కడికి పోతుందో తెలియదు, ఆ మాట పైకి అనలేదు. తలొంచుకుని నేనూ ఒక చేప గీశాను.

మియాపూర్

ఎరుపు ఉడికించడానికి ఇనప గిన్నె పనికిరాదు, రంగు నల్లబడుతుంది. రాగిది కావాలి. దానికోసం సాయంత్రం మియాపూర్ పోయి మూడు టెంట్‌హౌసులు తిరిగాం. మూడోచోట ముసలాయన లోపలి నుంచి ఒక పాత రాగి గిన్నె దొర్లించుకొచ్చాడు. "బిర్యానీది అమ్మా. దినానికి మూడొందలు కిరాయి. ఎంతమంది వస్తున్నరు దావత్‌కు?" అన్నాడు.

"నాలుగు చేపలు" అన్నాను. ఆయన సుజాత వైపు జాలిగా చూశాడు.

చింతపండు పెట్టి ఎంత తోమినా ఆ గిన్నెకు మసాలా వాసన పోలేదు. సత్యవతి గారు ఉల్లిపాయ కూడా తినరు. పైపు దగ్గర మూసుకోని ముక్కు ఆ గిన్నె దగ్గర మూసుకున్నారు.

నాలుగు బకెట్లు

నాలుగో రోజు సాయంత్రం నాలుగు బకెట్ల నీళ్లు తెచ్చి యాదయ్య ఇంటి ముందు వరసగా పెట్టాం. ఒకటి తాగే డబ్బా నీళ్లు, ఒకటి బోరువి, ఒకటి వాగు కలిసే చోటివి, ఒకటి పైపు పక్కవి. మర్నాడు నేను పెందలాడే పోయి పొయ్యి రాజేశాను. చేప బొమ్మల మీద ఎరుపు ఎక్కాల్సిన చోట పటిక నీళ్లు ముందే పూసి ఆరబెట్టి ఉంచాను. పటిక పూస్తేనే మా ఎరుపు గుడ్డను పట్టుకుంటుంది. ఒక్కొక్క ముక్కనూ ఒక్కొక్క బకెట్టు నీళ్లలో కడిగి, అవే నీళ్లలో రంగుచెక్క వేసి ఉడికించాను.

సత్యవతి గారు పుస్తకం పట్టుకుని వచ్చేసరికి నాలుగు ముక్కలూ తాడు మీద ఆరుతున్నాయి. డబ్బా నీళ్ల చేప మంచి ఎరుపు. బోరుది కొంచెం మసక. వాగుది ఫరవాలేదు. పైపు పక్క నీళ్ల చేప మందారపువ్వులా ఉంది, అన్నిటికన్నా ఎర్రగా. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

సరిగ్గా అప్పుడే అసోసియేషన్ కార్యదర్శి ఓబులేసు గారు వాకింగుకు వచ్చారు. కడప వైపు మనిషి, మంచివాడే, నా ఊరు తెలిసి ముందు రోజు ఇంటికి మామిడిపళ్లు పంపాడు. ఏ ముక్క ఏ నీళ్లదో అడిగాడు, చెప్పాను.

"ఏం టీచరమ్మా, మన పైపు నీళ్లు చెడ్డవంటిరే? చూడండి, అన్నిట్లోకి అదే ఎర్రగా ఉండాది" అని ఫోటో తీసుకున్నాడు. మేము మెట్లెక్కేలోగా గ్రూపులో పెట్టేశాడు, కాళహస్తి కళాకారిణి పరీక్షలో మన నీళ్లే ఫస్ట్ అని. ఈసారి బొటనవేళ్లు పన్నెండు కాదు, సుజాత ఫోను మోగుతూనే ఉంది.

సాయంత్రం గిన్నె తెచ్చుకుందామని మళ్లీ యాదయ్య ఇంటికి పోయాను. అతను వాకిట్లో కూర్చుని వల మడతపెడుతున్నాడు.

"మంచిదే గద అక్కా, నీళ్లు మంచిగనే ఉన్నయట. ఇగ మీటింగుల మాట్లాడేందుకు ఏమున్నది. సోమారం గేటు కాడికి పోత" అన్నాడు. కోపం లేదు, నిష్ఠూరం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నేను బకెట్లు బోర్లించబోయాను. పైపు పక్క నీళ్ల బకెట్టు అడుగున నాలుగు వేళ్ల మందాన నల్లటి బురద, గడ్డపెరుగులా పేరుకుని ఉంది. మిగతా మూడింట్లో లేదు. అప్పుడు గుర్తొచ్చింది. నీళ్లు తెచ్చిన సాయంత్రం, బాలమణితో కబుర్లు చెబుతూ, ఆ మురికి బకెట్టులో పటికగడ్డ తిప్పింది నేనే. మా ఇళ్లల్లో మురికి నీళ్ల బిందె కనబడితే పటిక తిప్పకుండా ఉండలేం. పొంగే పాలు కనబడితే పొయ్యి తగ్గించినట్టు చెయ్యి దానంతటదే పోతుంది. మురికంతా అడుక్కి దిగింది, పైన తేటనీళ్లు, వాటిలో కావలసినంత పటిక. ఎరుపు రాక ఏమవుతుంది?

చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుందంటారు. అక్కడ పోయే ప్రాణం నాది కూడా కాదు. యాదయ్యకు అప్పుడే చెప్పేశాను. అతను బకెట్టులోకి తొంగి చూసి, "గిదేంది అక్కా" అన్నాడు.

పైకి పోయి సత్యవతి గారికి చెప్పాను. తిడతారనుకున్నాను. "నా తప్పూ ఉందండి, బకెట్ల దగ్గర ఎవరో ఒకరం ఉండాల్సింది" అని పుస్తకం తీసి, జరిగింది జరిగినట్టు రాసుకున్నారు. సుజాత మాత్రం, "పెద్దమ్మా, చెప్పడం ఎందుకు? తెల్లారే మళ్లీ చేసేద్దాం. ఈసారి రంగు రాదు కదా, అది చూపిద్దాం" అంది. నాకు ఒళ్లు మండింది. నా పేరుతో అబద్ధం అన్ని ఇళ్లకూ పోయింది. దాన్ని నేనే తీసెయ్యాలి, దొంగచాటుగా కాదు.

క్లబ్‌హౌస్

ఆదివారం పదకొండింటికి మీటింగు. ఏసీ గది, మడత కుర్చీలు, సమోసాలు. మా ఊళ్లో సంఘం మీటింగంటే ముందు గొడవ, తర్వాత టీ. ఇక్కడ టీ ముందే ఇచ్చారు.

నా వంతు రాగానే లేచాను. "నిన్న మీరు ఫోన్లో చూసిన ఎరుపు నీళ్లది కాదు, నా చేతిది" అని మొదలుపెట్టి పటిక సంగతంతా చెప్పాను. "ముప్ఫై ఏళ్లకు పైగా ఈ పని చేస్తున్నాను. ఇలాంటి పొరపాటు చేసినందుకు సిగ్గుగా ఉంది. నా దగ్గర అలాగే తయారుచేసిన ఇంకో ముక్క ఉంది. ఈసారి నీళ్లు మీరే తెండి, మీ కళ్ల ముందే ఉడికిస్తాను."

ఓబులేసు గారి మొహం ఎర్రబడింది. అయినా మాటకు కట్టుబడ్డాడు. స్వయంగా పోయి పైపు కింద బకెట్టు పెట్టి నీళ్లు పట్టుకొచ్చాడు. క్లబ్‌హౌస్ గ్యాసు పొయ్యి మీద రాగి గిన్నె ఎక్కించాం. పది నిమిషాలయ్యేసరికి నీళ్లు కాగాయి, వాసన లేచింది. కిటికీలు తెరిచారు. సమోసాలు కింద పెట్టేశారు. ముందు వరసలో ఒకాయన లేచి వెనక్కి పోయాడు, వెనక వరస గుమ్మంలోకి పోయింది. సత్యవతి గారు కదల్లేదు. "ఇవి మన ఇళ్ల నీళ్లేనండి. కూర్చోండి" అన్నారు.

అరగంటకు ముక్కను కర్రతో ఎత్తి చూపించాను. చేప నాలుగు రోజుల నాటి వంకాయ బజ్జీ రంగులో ఉంది. సబ్బు, మురికి కలిసి ఎరుపును మింగేశాయి. ఒక పెద్దావిడ దగ్గరికి వచ్చి చూసి, "ఇది మా వంటింటి నీళ్లా?" అని నన్నే అడిగింది. అవునమ్మా అన్నాను.

అప్పుడు మాట్లాడింది ఓబులేసు గారే. "అట్లయితే నిన్నటి ఎరుపు కూడా పూర్తిగా అబద్ధం కాదు కదక్కా. ఈ నీళ్లే కదా. శుభ్రం చేస్తే మంచిగొచ్చె. మన మిషన్ ఉండేదే ఆ పనికి."

కుంటలో పటిక పొయ్యకండి, మిషన్ పటిక కాదు, మురుగులోకి గాలి కొట్టి శుభ్రం చేస్తుంది అని సత్యవతి గారు వెంటనే అడ్డు తగిలారు. కరెంటు ఖర్చు మీద కాసేపు అరుచుకున్నారు. చివరికి చేతులెత్తమన్నారు. సగానికి పైన లేచాయి, ఎక్కువ పైన కాదు. ఆ రోజు నుంచే మిషన్ రోజంతా నడపాలని తీర్మానం రాశారు.

గేటు బయట యాదయ్య నిలబడి ఉన్నాడు. చెప్పాను.

"నిజంగనే నడుపుతరా అక్కా?"

"నడుపుతామన్నారు."

అతను బాలమణి వైపు చూశాడు. "నువ్వు జెప్పినవని కొలువు ఇడిషిపెడుత" అన్నాడు. ఆ మాటతో నా గుండె మీద రాయి పెట్టినట్టయింది. సోమవారం రైల్లో దారి పొడవునా నాకు అదే ధ్యాస. వాళ్లు మిషన్ కట్టేస్తే? ఆ మనిషికి కొలువూ పాయె, కుంటా పాయె.

కాళహస్తి

వచ్చాక వారానికోసారి సుజాతకు ఫోన్ చేసి మిషన్ తిరుగుతోందా అని అడిగాను. తిరుగుతోందనే చెప్పింది. గుర్రపుడెక్క సగం తీయించారట. సత్యవతి గారి అంకెలు నెలనెలా గ్రూపులో వస్తున్నాయట, పక్కన ఆ నెల నీళ్లలో ఉడికించిన గుడ్డముక్క ఫోటో కూడా పెడుతున్నారట. ఉల్లిపాయ తినని మనిషి బిర్యానీ గిన్నె కొనేసింది.

వానలు పడ్డాయి. ఒకరోజు పొద్దున యాదయ్య ఫోన్ చేశాడు. చేపపిల్లల సంచులు వచ్చాయని, విప్పకుండా ముందు నీళ్లలో తేలేసి ఉంచానని, నీళ్ల చల్లదనం వాటికి అలవాటయ్యాక వదులుతానని చెప్పాడు. ఆ తర్వాత మూడు రోజులు నేను కలం పట్టలేదు.

నాలుగో రోజు పొద్దున, ఇంకా వాకిలి ఊడవకముందే ఫోను మోగింది. యాదయ్యే.

"అక్కా, చుట్టూత తిరిగి జూసిన. ఒక్కటి గూడ తేలలె" అన్నాడు.